50 మెగావాట్ల ప్రభుత్వ సోలార్ ప్లాంటు: భూమి ఫైలు నుంచి గ్యారంటీ టెస్టు దాకా నా అనుభవం

మా సంస్థ ప్రభుత్వ రంగానిది. ప్లాంటు రాయలసీమలో ఉంది. ఏసీ వైపు (గ్రిడ్‌కిచ్చేది) 50 మెగావాట్లు, డీసీ వైపు (ప్యానెళ్ళ మొత్తం) 70 మెగావాట్లు. 2022 జూన్‌లో భూమి ఫైలు కదిలింది, 2025 జులైలో కమిషనింగ్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. మూడేళ్ళలో ప్యానెళ్ళు బిగించడానికి పట్టింది అయిదు నెలలే. మిగతా కాలమంతా భూమి, టెండరు, లైను, మీటర్లు తినేశాయి. ఇలాంటి పని నెత్తిన పడబోయేవాళ్ళు తేదీలు వేసుకునేటప్పుడు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

భూమితో మొదలుపెడతాను. మెగావాటుకు నాలుగున్నర ఎకరాల లెక్కన 230 ఎకరాలు అడిగాం. అంతా ప్రభుత్వ భూమే, కొనే పని లేదు కాబట్టి మూడు నెలల్లో తేలుతుందని పైవాళ్ళ అంచనా. తొమ్మిది నెలలు పట్టింది. తహసీల్దారు, ఆర్డీఓ, కలెక్టరు మీదుగా భూమిని సంస్థకు బదలాయించే ఎలియనేషన్ ప్రతిపాదన పైకి వెళ్ళి రావడం ఒక ఎత్తు, జాయింట్ సర్వే ఒక ఎత్తు. అడంగల్‌లో ఒకే ముక్కగా కనిపించిన భూమిలో నేల మీద డీకేటీ పట్టాలున్నాయి (ప్రభుత్వం పేదలకిచ్చినవి), ఊరి గొర్రెలు నడిచే డొంక ఉంది, ఎండిపోయిన వంక (వాగు) ఉంది. ఎఫ్‌ఎంబీ (రెవెన్యూ కొలతల పుస్తకం) గీతలకూ డీజీపీఎస్ (ఉపగ్రహ కొలత) సర్వే గీతలకూ కొన్ని చోట్ల ఎనిమిది, పది మీటర్ల తేడా వచ్చింది. ఈ తేడా చిన్నదని వదిలేస్తే ఆ తర్వాత కంచె వేసేటప్పుడు పక్క రైతు వచ్చి నిలబడతాడు, అప్పుడు పని ఆగుతుంది. సర్వే రాళ్ళు పాతించి, పక్క పొలాల వాళ్ళ సంతకాలు పంచనామాలో తీసుకున్నాకే లేఅవుట్ గీయాలి. డొంక మూసేయకుండా కంచెను రెండు భాగాలు చేసి దారి వదిలాం. మూడెకరాలు పోయాయి, తర్వాత ఒక్క గొడవ రాలేదు. 2023 మార్చిలో అడ్వాన్స్ పొజిషన్ చేతికొచ్చింది. పూర్తి ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా పని మొదలుపెట్టుకునే వీలు దానివల్లే కలిగింది.

వంక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వేసవిలో చూస్తే అది ఇసుక చార మాత్రమే. హైడ్రాలజీ రిపోర్టు చేయించకుండా ఆ జాగాలో టేబుళ్ళు (ప్యానెళ్ళు బిగించే చట్రాలు) గీస్తే రెండు వానల్లో పునాదులు బయటపడతాయి. చుట్టుపక్కల గుట్టల మీది నీరంతా ఎటు దిగుతుందో కాంటూర్ మ్యాపు మీద చూసుకుని, కంచె లోపలికి రాకముందే మళ్ళించే కాలువ తవ్వాలి. దీనికయ్యే ఖర్చు డీపీఆర్‌లో (ప్రాజెక్టు సవివర నివేదికలో) వేసుకోనివాళ్ళు నవంబరు వానలకు డీసీ కేబుల్ ట్రెంచిల్లోంచి నీళ్ళు తోడుకుంటూ కూర్చోవాలి.

నేల పరీక్ష కూడా అంతే ముఖ్యం. పది ఎకరాలకో బోరు వేయించాం. రిపోర్టు మొరం నేల అంది. పైలింగ్‌కు (పునాది గుంతల పనికి) దిగాక ప్లాంటు ఈశాన్య మూలలో రెండడుగుల కిందే పలక రాయి తగిలింది. మామూలు ఆగర్ (మట్టి తొలిచే మర) దిగలేదు, రాతిని కొట్టి తొలిచే డీటీహెచ్ డ్రిల్ తేవాల్సి వచ్చింది. బోరుకూ బోరుకూ మధ్య రాయి ఎక్కడ లేస్తుందో బోర్లు చెప్పవు. జేసీబీతో అడ్డంగా, నిలువుగా ట్రయల్ గుంతలు తీయించి చూస్తే ఒక్కరోజులో తెలిసిపోతుంది, ఖర్చు కూడా నామమాత్రం. టెండరులో "ఏ నేల వచ్చినా అదే రేటు" అని రాసేసి భారం కాంట్రాక్టరు మీదికి తోసెయ్యొచ్చని కొందరనుకుంటారు. బిడ్డర్లు ఆ భయాన్ని ముందే ధరలో కలిపేస్తారు. గుంతల ఫోటోలు, లోతులు టెండరు కాగితాలకు జతచేస్తే ధర తగ్గుతుంది.

టెండరు 2023 ఏప్రిల్‌లో పిలిచాం. ప్రభుత్వ రంగానికి సొంత ప్లాంట్ల కోసం కేంద్రం తెచ్చిన సీపీఎస్‌యూ రెండో దశ పథకం కింద కట్టే ప్లాంటు కాబట్టి సెల్లూ, వాటితో చేసే మాడ్యూలూ (ప్యానెల్) రెండూ దేశంలో తయారైనవే వాడాలి. దానికి బదులుగా వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (ఖర్చులో లోటు పూడ్చే సాయం) వస్తుంది. సగం కాంట్రాక్టు అప్పగించినప్పుడు, సగం పూర్తి సామర్థ్యంతో ప్లాంటు నడవడం మొదలయ్యాక (కమిషనింగ్). ఈ షరతువల్ల సరఫరాదారుల సంఖ్య బాగా తగ్గిపోతుంది. సెల్ తయారీ ఉన్న కంపెనీలు కొన్నే, వాళ్ళ ఆర్డర్ బుక్కు నెలల తరబడి నిండి ఉంటుంది. ప్రీ-బిడ్ ప్రశ్నలు వందల్లో వచ్చాయి, సగం ఇదే విషయం మీద. గడువు నాలుగుసార్లు పొడిగించాం. చివరికి అర్హత నిలిచింది ఒక్క బిడ్డే. ఒక్క బిడ్డు మీద ముందుకెళ్ళే ధైర్యం ఫైనాన్స్‌కు లేదు, మళ్ళీ పిలిచాం. నాలుగు నెలలు గాల్లో కలిశాయి. రెండోసారి ముగ్గురు నిలిచారు, రివర్స్ ఆక్షన్ (ధర తగ్గించుకుంటూ పోయే వేలం) జరిగి నవంబరులో ఎల్ఓఏ (పని అప్పగించే లేఖ) ఇచ్చాం. మెగావాట్ ఏసీకి అయిదున్నర కోట్ల దగ్గర తేలింది, లైనుతో కలిపి. అప్పటి లెక్కలో ఈపీసీ (డిజైన్, సామగ్రి, నిర్మాణం కలిపిన కాంట్రాక్టు) విలువలో 70 శాతం మీద 12, మిగతా 30 శాతం మీద 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం మీద 13.8. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ 12 కాస్తా 5 అయింది. ఇప్పుడు టెండరు పిలిచేవాళ్ళు పాత అంచనాలు ఎత్తి రాసుకోవద్దు.

ఏఎల్‌ఎంఎం లిస్టులో (కేంద్రం ఆమోదించిన మోడళ్ళు, తయారీదారుల జాబితాలో) కంపెనీ పేరు కనిపిస్తే చాలదు. మనకు ఇవ్వబోయే మోడల్, ఆ వాటేజ్, లిస్టు గడువు, అన్నీ సరఫరా తేదీకి చెల్లేలా ఉండాలి.

డిజైన్ దశలో రెండు లెక్కలు బల్ల మీద పెట్టుకుని తేల్చాలి. మొదటిది స్ట్రింగ్, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపే మాడ్యూళ్ళ వరస. 545 వాట్ల మాడ్యూల్ ఓపెన్ సర్క్యూట్ (లోడ్ లేనప్పటి) వోల్టేజ్ 49.5 అనుకోండి. 30 పెడితే 1,485 వోల్టులు, 1,500 లోపే కదా అనిపిస్తుంది. చలికాలం తెల్లవారుజామున మాడ్యూల్ పది డిగ్రీలకు దిగితే వోల్టేజ్ నాలుగు శాతం పెరిగి 1,545 అవుతుంది, డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ హద్దు దాటుతుంది. 28 పెడితే 1,442. మేం 28 దగ్గర ఆగాం. ఆ లెక్కన మాడ్యూళ్ళు లక్షా 28 వేల పైచిలుకు, స్ట్రింగులు దాదాపు 4,590.

రెండోది ఇన్వర్టర్ల సామర్థ్యం. 50 మెగావాట్లకు 3.125 ఎంవీఏ ఇన్వర్టర్లు 16 పెడితే సరిగ్గా 50 ఎంవీఏ, బిడ్డర్లంతా అదే చూపిస్తారు. సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) గ్రిడ్ కనెక్టివిటీ నిబంధనల ప్రకారం 0.95 పవర్ ఫ్యాక్టర్ దగ్గర, ల్యాగ్ అయినా లీడ్ అయినా, రియాక్టివ్ పవర్ (వోల్టేజ్ నిలకడకు కావాల్సింది, ఎంవీఏలో ఇదీ కలుస్తుంది) ఇవ్వగలగాలి. 50ని 0.95తో భాగిస్తే 52.6 ఎంవీఏ, అదీ గ్రిడ్‌ను కలిసే చోట. మధ్యలో రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్ళు తినేది వేరే, వేసవిలో వేడికి ఇన్వర్టర్ తగ్గించుకునేది వేరే. 18 పెట్టించాం. ఈ వాదన డ్రాయింగుల దశలో కాకుండా టెండరులోనే తేలిపోతే అదనపు డబ్బుల పేచీ ఉండదు.

2024 ఫిబ్రవరిలో పైలింగ్ మొదలైంది. టేబుల్‌కు ఆరు చొప్పున 27 వేలకు పైగా పైల్స్, 300 మిల్లీమీటర్ల వ్యాసం, మీటరున్నర లోతు. కాంక్రీటు దాదాపు 2,900 ఘనపు మీటర్లు. ఒక్కో గుంత చిన్నదే కాబట్టి క్యూరింగ్ మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు. పైల్‌ను పైకి లాగి చూసే పుల్-అవుట్ టెస్టులో బలహీనంగా తేలినవన్నీ ఏప్రిల్, మే ఎండల్లో పోసినవే. తడి గోనె కప్పి, ట్యాంకర్ తిరిగేలా చూసే మనిషిని విడిగా పెట్టాక ఆ సమస్య పోయింది.

సెప్టెంబరులో మాడ్యూళ్ళు రావడం మొదలైంది. లారీకి ఆరొందల పైచిలుకు, మొత్తం రెండొందల లారీలకు పైనే. దించే జాగా చదునుగా లేకపోతే ప్యాలెట్ ఒరిగి అద్దాలు పగులుతాయి. పగిలినవి కంటికి కనిపిస్తాయి కాబట్టి ఫర్వాలేదు, కనిపించని సన్న పగుళ్ళే అసలు నష్టం. అందుకే కొన్ని ప్యాలెట్లు ఎంచి సైటులో ఈఎల్ టెస్టు (మాడ్యూల్‌లోకి కరెంటు పంపి ఫోటోలో పగుళ్ళు చూసేది) చేయించాలి. ప్రతి మాడ్యూల్ సీరియల్ నంబరూ ఏ టేబుల్లో ఏ స్థానంలో ఉందో బిగించే ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. గ్యాప్ ఫండింగ్ క్లెయిముకు, వారంటీకి, ఆడిట్‌కు మూడింటికీ అదే ఆధారం. బిగించాక స్కాన్ చేయాలంటే ఒక్కో టేబుల్ కిందికి దూరాలి.

2025 జనవరి చివరికి ప్లాంటు లోపలి పని దాదాపు అయిపోయింది. అక్కణ్ణుంచి నాలుగు నెలలు ఉత్తినే కూర్చున్నాం. లైను రాలేదు.

ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాను. ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్‌కు 132 కేవీ లైను 11 కిలోమీటర్లు, 38 టవర్లు. గ్రిడ్‌కు కలుపుకునే కనెక్టివిటీ దరఖాస్తు 2022 అక్టోబరులోనే పెట్టాం, ఫీజిబిలిటీ మూడు నెలల్లో వచ్చింది. లైను పని మాత్రం ఈపీసీతో కలిపి 2024లో మొదలైంది. పునాదులు వేయడం, టవర్లు ఎత్తడం, తీగ లాగడం అన్నీ కలిపితే అయిదారు నెలల పని. పదహారు నెలలు పట్టింది. విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు వస్తాయి, రైతు అనుమతి లేకపోయినా టవర్ వేయొచ్చు అని కాగితం మీద ఉంది. పంట మీద ఉన్న చేలో ఆ కాగితంతో దిగితే ఊరంతా వస్తుంది, రావడంలో తప్పు కూడా లేదు.

2015 అక్టోబరు నాటి కేంద్ర మార్గదర్శకాల లెక్కలో టవర్ కింది భూమికి విలువలో 85 శాతం, తీగ కింది కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం. మేం సగం టవర్లకు మాట్లాడుకున్నాక 2024 జూన్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి: టవర్ కిందికి 200 శాతం, కారిడార్‌కు 30. వాటిని అమలు చేయాలంటే రాష్ట్రం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. రైతులకు ఆ కాగితం మా కన్నా ముందే ఫోన్లలో అందింది. "పక్క చేనాయనకు రెండింతలు ఇస్తారంట, మాకెందుకు తక్కువ సార్" అని అడిగితే చెప్పడానికి మా దగ్గర మాట లేదు. ప్రభుత్వ సంస్థలో సైటు ఇంజనీరు రూపాయి కూడా పెంచి ఇవ్వలేడు, ప్రతి పెంపూ ఫైలు కావాలి, ఆ ఫైలు కలెక్టరు రేటు నిర్ణయించేదాకా కదలదు. 2025 వేసవంతా పూర్తయిన ప్యానెళ్ళు ఎండలో మెరుస్తుంటే చూడ్డం చాలా బాధగా ఉండేది. ఏడాది మొత్తంలో బాగా పండే ఫిబ్రవరి నుంచి మే దాకా, రోజుకు మూడు లక్షల యూనిట్లు నేలపాలు.

మా అనుభవంలో పనిచేసిన దారి ఇది. రూటు మీద ఉన్న రైతులందరికీ ఒకే రోజు, ఒకే చోట, సర్వే నంబరు వారీగా లెక్క కాగితం చేతికివ్వాలి. ఒక్కొక్కరితో విడిగా బేరమాడితే చివరి పది టవర్లు ఎప్పటికీ తేలవు. చెక్కు ఇచ్చాకే గుంత తవ్వాలి. పంట నష్టం మూడుసార్లు లెక్కకొస్తుంది, పునాదికి, టవర్‌కు, తీగ లాగేటప్పుడు. బడ్జెట్‌లో ఒక్కసారే వేసుకుంటారు.

రైల్వే క్రాసింగ్ ఒకటుంది. డ్రాయింగు అనుమతికి అయిదు నెలలు, రైళ్ళు ఆపే సమయం (బ్లాక్) దొరకడానికి మరికొన్ని వారాలు, తీగ దాటించడానికి గంటన్నర. టెలికం లైన్లకు ఇబ్బంది లేదనే పీటీసీసీ క్లియరెన్సు కూడా రూటు ఖరారైన రోజే పెట్టేయాలి, ఛార్జింగ్ (తొలిసారి కరెంటు ఎక్కించడం) ముందు గుర్తొస్తే అదొక్కటే ఆపేస్తుంది. 132/33 కేవీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఆర్డరిచ్చాక పదకొండు నెలలకు వచ్చింది. సైటుకు చేరగానే దారిలో కుదుపులు నమోదు చేసే ఇంపాక్ట్ రికార్డరూ, నైట్రోజన్ పీడనమూ చూసి రాసుకున్నాకే దించనివ్వాలి.

లైను కోసం ఎదురుచూస్తున్న ఆ నెలల్లో చేయగలిగిన మంచి పని ఒకటుంది, డీసీ వైపు తనిఖీ. గ్రిడ్ లేకపోయినా ఎండ ఉన్నంతసేపూ ప్రతి స్ట్రింగూ 1,300 వోల్టులతో నిలబడే ఉంటుందని కాపలావాళ్ళకూ, గడ్డి కోసేవాళ్ళకూ మళ్ళీ మళ్ళీ చెప్పాలి. మా దగ్గర ఎక్కువ లోపాలు రెండు చోట్ల దొరికాయి. ఒకటి, ఎంసీ4 కనెక్టర్లు, అంటే మాడ్యూల్ కేబుళ్ళను కలిపే ప్లగ్గులు. మాడ్యూల్‌తో వచ్చేది ఒక తయారీ, సైటులో కేబుల్‌కు బిగించేది మరో తయారీ. చూపుకు ఒకేలా ఉంటాయి, టక్కుమని కూర్చుంటాయి కూడా. లోపల పిన్ను సరిగా అంటదు. లోడ్ వచ్చాక థర్మల్ కెమెరాలో పక్కవి 45 డిగ్రీలు ఉంటే అది 90 దాటుతుంది, ఇంకొన్నాళ్ళకు కరిగి అంటుకుంటుంది. రెండు వైపులా ఒకే తయారీ, ఒకే రకం ఉండాలని టెండరులోనే రాయాలి.

రెండోది ఇన్సులేషన్. ఛార్జింగ్ అయిన తర్వాత తొలి వానలకు ఇది బయటపడింది. పొద్దున్నే కొన్ని ఇన్వర్టర్లు "ఇన్సులేషన్ తక్కువ" అని మొరాయిస్తాయి, పది గంటలకు తడి ఆరగానే వాటంతటవే లేస్తాయి. మధ్యాహ్నం వెతికితే ఏమీ దొరకదు. తడి ఉండగానే వెళ్ళాలి. స్ట్రింగులు వచ్చి కలిసే కంబైనర్ బాక్సుల ఐసొలేటర్ స్విచ్చులు ఒక్కొక్కటే ఆపుతూ ఏ బాక్సో పట్టుకుని, అందులో ఫ్యూజులు తీసి స్ట్రింగుల్ని విడదీసి, ఒక్కో స్ట్రింగుకు ప్లస్-ఎర్త్, మైనస్-ఎర్త్ మధ్య వోల్టేజ్ కొలవాలి. బాగున్న స్ట్రింగులో ఈ రెండూ నిలబడవు, క్రమంగా పడిపోతాయి. చెడినదాంట్లో నిలకడగా కనిపిస్తాయి. ఒక స్ట్రింగులో ప్లస్ వైపు 464, మైనస్ వైపు 836 వచ్చింది. కలిపితే 1,300, మాడ్యూళ్ళు 28, అంటే ఒక్కోదానికి 46.4. 464ను దాంతో భాగిస్తే 10. ప్లస్ చివర నుంచి లెక్కపెట్టి పదో మాడ్యూలుకూ పదకొండోదానికీ మధ్య చూస్తే, గాల్వనైజ్డ్ పర్లిన్ (మాడ్యూల్ కింది ఇనప పట్టీ) అంచు కేబుల్ తొక్కను కోసేసి రాగి కనపడుతోంది. కేబుల్ లాగేటప్పుడు ఎడ్జ్ గార్డ్ వేయని చోటల్లా ఇదే కథ. గార్డు ముక్క ఖరీదు ఏపాటిది, దానివల్ల పోయే ఉత్పత్తి ఏపాటిది.

మే చివరికి లైను పూర్తయింది. విద్యుత్ తనిఖీ అధికారి కార్యాలయంలో దరఖాస్తు, చలానా, తనిఖీ, లోపాల జాబితా, సరిదిద్దిన ఫోటోలు, అనుమతి, అన్నీ కలిపి మూడు వారాలు. జాబితాలో పెద్ద విషయాలేమీ రాలేదు. స్విచ్‌యార్డులో కంకర మందం, ప్యానెళ్ళ ముందు ఇన్సులేటింగ్ మ్యాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ కింది ఆయిల్ గుంత, తెలుగులో ప్రమాద సూచికలు, షాక్ చికిత్స చార్టు. ఇవన్నీ వారం ముందే సిద్ధం చేసుకోవచ్చు. మీటర్లు మాత్రం వేధించాయి. 0.2ఎస్ తరగతి మెయిన్, చెక్ మీటర్లు ల్యాబులో పరీక్షించి, సీలు వేయించి తేవడానికి ఆరు వారాలు. ల్యాబు తేదీ మన చేతిలో ఉండదు కాబట్టి టవర్లు లేస్తుండగానే అడిగి పెట్టుకోవాలి.

జూన్‌లో 132 కేవీ వైపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ చేసి 24 గంటలు నో-లోడ్‌లో ఉంచాం. బ్రేకర్ ఆన్ చేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి గుర్రుమని, తర్వాత సన్నగా హమ్ అందుకుంది. మూడేళ్ళ పని అంతా ఆ శబ్దంలో వినిపించినట్టయింది, కంట్రోల్ రూములో పెద్దవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. మర్నాడు మొదటి ఇన్వర్టర్ కలిపితే మీటరు ఎగుమతికి బదులు దిగుమతి చూపించింది. మీటరుకు కొలత అందించే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ వైర్లు తిరగబడ్డాయి. సీలు విప్పి సరిచేయాలంటే మళ్ళీ అధికారులంతా రావాలి. సీటీలోకి కరెంటు పంపి చూసే ప్రైమరీ ఇంజెక్షన్ టెస్టు చేసేటప్పుడే దిశ కూడా చూసుకుంటే ఇలా వృథా అయిన వారం రోజులు మిగిలేవి. ఎస్‌ఎల్‌డీసీకి (రాష్ట్ర లోడ్ డిస్పాచ్ కేంద్రానికి) వెళ్ళే ప్రతి సిగ్నలూ ఒక్కొక్కటిగా సరిపోల్చడం పూర్తయ్యాక, జులైలో కమిటీ వచ్చి కమిషనింగ్ సర్టిఫికెట్ ఇచ్చింది.

మొదటి నెల బిల్లు చూసి ఫైనాన్స్ వాళ్ళు ఉలిక్కిపడ్డారు. రాత్రంతా ట్రాన్స్‌ఫార్మర్ల నో-లోడ్ నష్టం, లైట్లు, ఇన్వర్టర్ ఫ్యాన్లు గ్రిడ్ నుంచే లాగుతాయి. పైగా 33 కేవీ భూగర్భ కేబుళ్ళు రాత్రి రియాక్టివ్ పవర్ గ్రిడ్‌లోకి తోస్తాయి, దానికీ లెక్క ఉంటుంది. రాత్రిపూట ఈ రియాక్టివ్ పవర్‌ను సర్దే సౌకర్యం ఇన్వర్టర్లలో ఉంటే పీపీసీలో (ప్లాంటు మొత్తాన్ని నియంత్రించే కంట్రోలర్‌లో) ఆ సెట్టింగ్ ఆన్ చేయించాలి.

చివరిది పర్ఫార్మెన్స్ గ్యారంటీ టెస్టు. 30 రోజులు వరసగా పీఆర్ (పర్ఫార్మెన్స్ రేషియో, పడిన ఎండకు రావాల్సిన కరెంటులో నిజంగా వచ్చిన వంతు) కొలిచాం. ఇక్కడ చూడాల్సింది ఎండను కొలిచే పైరనోమీటర్. దాని గుమ్మటం మీద దుమ్ము పడితే ఎండ తక్కువ చూపిస్తుంది, పీఆర్ ఎక్కువ వస్తుంది. మాడ్యూళ్ళు రోజూ కడిగి పైరనోమీటర్‌ను వదిలేస్తే రెండు మూడు శాతం ఉట్టినే కలిసొస్తుంది, కాంట్రాక్టరుకు అభ్యంతరం ఉండదు. రోజూ పొద్దున మన మనిషే తుడవాలి, వంపు కోణం మాడ్యూళ్ళతో సమానంగా ఉందో చూడాలి, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ చూడాలి, పక్కన రెండో పరికరం పెట్టి పోల్చాలి. రెంటికీ తేడా రెండు శాతం దాటిన రోజుల్ని లెక్కలోంచి తీసేశాం. టెస్టు నెగ్గింది. గ్యాప్ ఫండింగ్ రెండో సగం కోసం సీరియల్ నంబర్ల జాబితా, కమిషనింగ్ సర్టిఫికెట్ జతచేసి క్లెయిము పంపాం. కాంట్రాక్టరు పంచ్ పాయింట్లలో (సరిచేయాల్సిన మిగులు పనుల జాబితాలో) ఈశాన్య మూల డ్రెయిన్ లైనింగూ, ఎడ్జ్ గార్డులూ ఇంకా మిగిలే ఉన్నాయి, అవి పూర్తయ్యేదాకా చివరి పది శాతం బిల్లు ఆపి ఉంచాం.